పెయింట్ పార్టీలు మొదలుపెట్టాలా వద్దా: బ్యారేజీకి తొమ్మిది గేట్లు చాలు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పదేళ్లుగా ఇంట్లో యాక్రిలిక్ రంగులతో (నీళ్లతో కలిపే, త్వరగా ఆరిపోయే రంగులు) బొమ్మలు వేస్తున్నారు. చదివింది బీకాం. పాప బడికి వెళ్లడం మొదలయ్యాక విజయవాడలో పెయింట్ పార్టీలు పెడితే ఎలా ఉంటుందని ఆలోచన వచ్చింది. అంటే పదిమందిని ఒకచోట కూర్చోబెట్టి, రెండు గంటల్లో అందరిచేతా ఒకే బొమ్మ వేయించి, ఎవరిది వాళ్లకిచ్చి పంపడం. అందుకోసం యాభై వేలు పక్కన పెట్టారు. ఆరు నెలలుగా ఆ డబ్బు పక్కనే ఉంది. ఎందుకు ఉందో కూడా మీరే రాశారు. ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ లేదు. యూట్యూబ్‌లో ఉచితంగా దొరికేదానికి 800 రూపాయలు ఎవరిస్తారు? ఎవరి బొమ్మయినా పాడైతే నలుగురిలో పరువు పోతుంది. విజయవాడలో ఇలాంటివి నడవవు. పైగా మీ అత్తగారు "రంగులాటకు డబ్బులిచ్చే వెర్రివాళ్లు ఎవరమ్మా" అన్నారు.

నేను హైదరాబాద్‌లో 2016 నుంచి ఇదే పని చేస్తున్నాను. అంతకుముందు ఒక చిన్న సంస్థలో లెక్కలు రాసేదాన్ని. చిత్రకళలో నాకున్న అర్హత అంతా, ప్రభుత్వం పెట్టే డ్రాయింగ్ పరీక్షల్లో ఎప్పుడో పాసైన లోయర్. హయ్యర్‌కు ఫీజు కట్టాను గానీ పరీక్ష రాయలేదు, సరిగ్గా ఆ వారమే పెళ్లిచూపులు పెట్టారు. కాబట్టి మీ మొదటి సందేహం నాకు పరాయిది కాదు.

నా మొదటి ఆదివారం ఎలా గడిచిందో చెబుతాను. కూకట్‌పల్లిలో స్నేహితురాలి అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్. ఏడుగురు ఆడవాళ్లు, వాళ్లలో ఇద్దరు మొహమాటానికి వచ్చినవాళ్లు. బొమ్మ ఏమిటంటే సంధ్యవేళ ఆకాశం, ముందు ఒక తాటిచెట్టు. ఇంట్లో నలభై నిమిషాల్లో వేసేశాను కాబట్టి రెండు గంటలు ధారాళంగా సరిపోతాయనుకున్నాను. మార్చి నెల. నెత్తిమీద మూడు ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతున్నాయి. పేపరు ప్లేట్లలో ఎనిమిది రంగులూ ముందే పోసి అందంగా సర్దాను. పరిచయాలు, కబుర్లు అయ్యి "ఇప్పుడు పసుపు తీసుకోండి" అనేసరికి పసుపు మీద మీగడ కట్టింది. ఆకాశంలో పసుపును ఎరుపులోకి, ఎరుపును నీలంలోకి మెల్లగా కలపాలి. ఆ గాలికి ఒక రంగు పూసి రెండోది అందుకునేలోపే మొదటిది ఆరిపోతోంది. కలపబోతే చారలు పడుతున్నాయి. చారలు పోవాలని నీళ్లు పెట్టి రుద్దితే సగం ఆరిన కింది పొర పెచ్చులుగా లేచివచ్చింది. ఒకావిడ ప్లేటులో నలుపు కనబడుతోంది కదా అని పదో నిమిషంలోనే వాడేశారు. ఏడు ఆకాశాల్లో నాలుగు బురదగుంటలు.

ఆ రాత్రి నిద్రపట్టక, లెక్కల మనిషిని కాబట్టి, తప్పులన్నీ ఒక కాగితం మీద వరుసగా రాశాను. ఫ్యాన్లు. ముందే పోసిన రంగులు. ఒకేసారి ఎనిమిది రంగులు. నలుపును చేతికందేలా పెట్టడం. నేను మాట్లాడుతూ వేయగలను గానీ వాళ్లు వింటూ వేయలేరని గుర్తించకపోవడం. ఇలా పదకొండు తేలాయి. తెల్లవారి మళ్లీ చదివితే, ఆ పదకొండింటిలో నా చెయ్యి సరిగ్గా లేనందువల్ల వచ్చిన తప్పు ఒక్కటీ లేదు. అన్నీ ఏర్పాట్లలో, చెప్పే తీరులో జరిగినవే. అంటే డిగ్రీ ఉన్నా ఆ ఆకాశాలు అలాగే పాడయ్యేవి.

తర్వాత కొన్నాళ్లకు ఫైన్ ఆర్ట్స్ చదివిన ఒక కుర్రాణ్ణి సాయానికి పెట్టుకున్నాను. చెయ్యి బంగారం. మొదటిరోజు బల్లల మధ్య తిరుగుతూ "వెలుగు ఎటునుంచి పడుతోందో గమనించి, దాన్నిబట్టి నీడ ఇవ్వండి" అన్నాడు. గది అంతా నిశ్శబ్దం. చివరి బల్ల దగ్గర నుంచి ఒక పెద్దావిడ "ఏ బ్రష్షుతో బాబూ?" అని అడిగారు. మీ దగ్గరకు వచ్చేవాళ్లకు కావలసింది ఆ జవాబే. ఏ బ్రష్షు, ఏ రంగు ఎంత, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలి. ఆ నాలుగూ తడుముకోకుండా చెప్పగలిగితే మీరు సరిపోతారు. చెప్పలేకపోతే బంగారు పతకం ఉన్నా సరిపోరు. ఆ కుర్రాడు తెలివైనవాడు, నెలలో నేర్చేసుకున్నాడు.

మరి అలా చెప్పడం నేర్చుకోవడం ఎలా? మీ ఊరి బొమ్మతోనే చూపిస్తాను. కృష్ణలంక వైపు నుంచి సాయంత్రం చూస్తే ప్రకాశం బ్యారేజీ వెనకాల సూర్యుడు దిగుతాడు, కుడిచేతి వైపు ఇంద్రకీలాద్రి నల్లగా కనబడుతుంది. విజయవాడవాళ్లు ఎవరైనా ఇంట్లో గోడకు తగిలించుకునే బొమ్మ ఇది. చూడటానికి కష్టంగా ఉంటుంది గానీ, మొదటిసారి బ్రష్షు పట్టేవాళ్లకు ఇంతకన్నా అనువైనది దొరకదు. ఎందుకంటే వెలుగు అంతా వెనక ఉంది. ముందున్నవన్నీ నల్లటి ఆకారాలే. ముఖాలు లేవు, చేతివేళ్లు లేవు.

పది అంగుళాలు, పన్నెండు అంగుళాల కాన్వాస్ బోర్డును అడ్డంగా పెట్టించండి. కిందనుంచి మూడోవంతు ఎత్తులో కాగితపు టేపు ఒకటి అడ్డంగా అంటించమనండి. అది నీటిగీత. దాంతో గీత వంకరపోతుందన్న భయం మొదటి నిమిషంలోనే పోతుంది. ఆకాశానికి మూడే రంగులు, వాటికి తోడు తెలుపు. టేపుకు ఆనుకుని పసుపు, దానిమీద ఎరుపు, పైన నీలం. ఇక్కడే అందరూ దెబ్బతింటారు. పసుపూ నీలమూ నేరుగా కలిస్తే ఆకాశం పచ్చబడుతుంది. నారింజ, నీలం కలిస్తే బూడిదరంగు వస్తుంది. అందుకని మధ్యలో క్రిమ్సన్ అనే ముదురు ఎరుపుకు తెలుపు కలిపిన గులాబీ పట్టీ ఒకటి వెడల్పుగా ఉండాలి. అది కిందికి జరిగితే నారింజ అవుతుంది, పైకి జరిగితే ఊదా అవుతుంది, రెండువైపులా అందమే. "పసుపు ఇంటివాళ్లూ నీలం ఇంటివాళ్లూ ఎదురుపడకూడదు, మధ్యలో గులాబీ పెద్దమనిషి ఉండాలి" అని చెబుతాను. నవ్వుతారు, మరిచిపోరు.

ఆకాశం మొత్తం పది నిమిషాల్లో అయిపోవాలి, రంగు తడిగా ఉండగానే. ఫ్యాన్లు ఆపండి. ఆపలేకపోతే ప్రతి బల్ల మీదా నీళ్ల స్ప్రే సీసా ఉంచి, రంగు వేసేముందు బోర్డు మీద సన్నగా చల్లించండి. ప్లేటులో తడి టిష్యూ పరచి దానిమీద రంగు పోస్తే రెండింతల సేపు ఆరదు. ఏ దశకు కావలసిన రంగు ఆ దశలోనే పోయండి. మీ ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో ఏసీ గది లేకపోతే ఆకాశాల జోలికి పోవద్దు.

ఆకాశం ఆరడానికి హెయిర్ డ్రయర్ తిప్పండి. టేపు తీయించండి. నీటిలో అవే రంగులు తలకిందుల వరుసలో, అడ్డంగా చిన్నచిన్న గీతలుగా. ఇక నలుపు బయటికి తీయండి. నలుపు ఎప్పుడూ ఆఖరునే, నా ప్లాస్టిక్ డబ్బాకు తాళం ఒక్కటే తక్కువ. చదును బ్రష్షుతో బ్యారేజీకి ఒక అడ్డగీత. దానికింద నిలువు గీతలు గేట్ల మధ్య స్తంభాలు. నిజం బ్యారేజీకి 70 గేట్లు. మీ బొమ్మలో తొమ్మిది చాలు. ఎవరూ లెక్కపెట్టరు, లెక్కపెట్టినవాడు ఇరిగేషన్ శాఖవాడై ఉంటాడు. కొండ, ఒక పడవ, పడవలో చీపురుపుల్లంత మనిషి. అయిపోయింది.

ఈ బొమ్మను మీరు మూడుసార్లు వేయాలి. ఒకసారి మీకోసం. రెండోసారి పక్కన గడియారం పెట్టుకుని, ప్రతి అడుగూ కాగితం మీద రాస్తూ. మూడోసారి మీరు వేయకండి, ఎప్పుడూ బ్రష్షు పట్టని మనిషిని కూర్చోబెట్టి మీరు నోటితో చెప్పండి. మీకు తెలియకుండానే చేతికి తెలిసిన సంగతులు అక్కడ బయటపడతాయి. బ్రష్షును ఎంత తడపాలో చెప్పడం నేను ఏడాదిపాటు మరిచిపోయాను. నాకు అదొక చెప్పాల్సిన విషయమని తట్టలేదు. మీకు నలభై నిమిషాలు పట్టేది వాళ్లకు రెండు గంటలు పడుతుంది. మీకే అంతకన్నా ఎక్కువ పడితే బొమ్మలో ఏదో ఒకటి తగ్గించండి, వేగం పెంచకండి.

ఇక పరువు సంగతి. ఏ బొమ్మయినా సగంలో ఉండగా చూడటానికి బాగుండదు. పోపు పడని పప్పు లాగా ఉంటుంది. మీకు అలవాటు కాబట్టి కంగారు పడరు. వాళ్లు ఆ దశను చూసి "నాకు రాదని ముందే అనుకున్నాను" అని బ్రష్షు కింద పెట్టేస్తారు. అందుకని మొదట్లోనే చెప్పేయండి: "గంట గడిచాక మీకు మీ బొమ్మ మీద అసహ్యం పుడుతుంది, నాదీ అలాగే ఉంటుంది చూడండి." ఆ గంట వచ్చినప్పుడు మీ బొమ్మను ఎత్తి చూపించండి. నేను కావాలనే నా ఆకాశంలో ఒక మచ్చ వదిలేసి, తర్వాత దాన్ని మేఘం చేస్తాను. దిద్దుకోవచ్చని చూశాక గది ఊపిరి తీసుకుంటుంది. యాక్రిలిక్‌లో ఉన్న గొప్పతనమే అది, ఆరాక దానిమీద మళ్లీ వేసుకోవచ్చు.

ఒక్క నియమం మాత్రం తప్పకండి. అడగకుండా ఎవరి బొమ్మ మీదా మీ బ్రష్షు పెట్టవద్దు. చూపించాలంటే పక్కన చిత్తుకాగితం మీద చూపించండి. మొదట్లో నేను జాలిపడి ఒకావిడ చెట్టును చకచకా సరిచేశాను. చాలా బాగా వచ్చింది. వెళ్లేటప్పుడు ఆ బొమ్మను బల్లమీదే వదిలేసి వెళ్లిపోయారు. ఆ చెట్టు ఆవిడది కాకుండా చేశాను కదా. ఇన్నేళ్లలో వదిలేసిన బొమ్మలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. బాగా రానివి కూడా తీసుకువెళతారు.

ఒకసారి ఒక అమ్మాయి తన నాన్నగారిని వెంటబెట్టుకు వచ్చింది. అరవై దాటినవారు, రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆప్రాను కట్టుకోనన్నారు. చేతులు కట్టుకుని "నాకు గీత గీయడం రాదండి, నేను చూస్తూ కూర్చుంటాను" అన్నారు. అందరూ ఆకాశం మొదలుపెట్టారు. నేను వెళ్లి అంగుళం వెడల్పు బ్రష్షు ఆయన ముందు పెట్టి "పండగకు గోడకు సున్నం ఎప్పుడైనా వేశారా?" అని అడిగాను. "ఎందుకు వేయలేదు, ప్రతి సంక్రాంతికీ మా అన్నదమ్ములమే వేసేవాళ్లం" అన్నారు. "ఇది కూడా అంతే, గోడ చిన్నది" అన్నాను. మొదట రెండు వేళ్లతో పట్టుకున్నారు. మూడో గీతకు చెయ్యి మొత్తం కదిలింది, గోడకు వేసినట్టే, ఎడమనుంచి కుడికి, ఒకే ఒత్తిడితో. ఆరోజు గదిలో అందరికన్నా నునుపైన ఆకాశం ఆయనది. ఆయన కూతురు ఫోటో తీయబోతే ఆరలేదు ఉండమని కసురుకున్నారు. మన ఆడవాళ్లలో కూడా ఇంతే. "నాకు బొమ్మలు రావు" అని చెప్పే ఆవిడ పదిహేను చుక్కల ముగ్గును తప్పుల్లేకుండా పావుగంటలో వేస్తుంది. చెయ్యి ఎప్పుడో సిద్ధమై ఉంటుంది, మీరు దాన్ని గుర్తుచేయాలి, అంతే.

యూట్యూబ్ ప్రశ్నకు ఎక్కువసేపు అక్కరలేదు. పులిహోర చేయడం కూడా అందులో ఉంది. ఇంట్లో ఒక్కరే వేయాలంటే రంగులు, మూడు బ్రష్షులు, కాన్వాసు కొనుక్కోవాలి, 800 అక్కడే దాటుతుంది. రంగు అంటిన వేలితో ఫోను ఆపుతూ, మళ్లీ నడుపుతూ, మధ్యలో కుక్కరు కూత విని లేస్తూ వేయాలి. మీ దగ్గరకు వచ్చేవాళ్లు రెండు గంటలు ఎవరూ పిలవని చోటు కొనుక్కుంటున్నారు. బొమ్మ దానికి రుజువు.

విజయవాడలో నడవదన్నది ఎవరు చెప్పారో గానీ, ఈ వ్యాపారం పెద్ద నగరాల్లోనే నడుస్తుందనేది నిజం కాదు. అమెరికాలో దీన్ని దేశమంతా విస్తరించిన సంస్థల్లో ఒకటి పెయింటింగ్ విత్ ఎ ట్విస్ట్. దాన్ని కాథీ డీనో, రెనీ మలోనీ అనే ఇద్దరు ఆడవాళ్లు 2007లో లూసియానాలోని మాండెవిల్ అనే చిన్న ఊళ్లో మొదలుపెట్టారు. 2005లో కత్రినా తుపాను ఆ ప్రాంతాన్ని కుదిపేసింది. రెండేళ్లుగా ఇళ్లు బాగుచేసుకుంటూ విసిగిపోయిన జనానికి కాసేపు అన్నీ మరిచిపోయి కూర్చునే చోటు కావలసివచ్చింది. అక్కడ వైను సీసా వెంట తెచ్చుకోవడం ఆనవాయితీ. ఇక్కడ దాని జోలికి వెళ్లకండి. లైసెన్సు లేని చోట మద్యం పోయిస్తే మీ మెడకు చుట్టుకుంటుంది. మనకు టీ చాలు.

మీ ఊళ్లో జనం వాళ్లంతట వాళ్లు టిక్కెట్టు కొనుక్కుని వస్తారని మాత్రం మొదటి ఏడాది ఆశ పెట్టుకోవద్దు. ఇప్పటికే గుంపుగా ఉన్నవాళ్ల దగ్గరకు మీరే వెళ్లండి. పటమట, మొగల్రాజపురం, తాడేపల్లి అపార్ట్‌మెంట్ల సంఘాలు, కిట్టీ పార్టీలు, పుట్టినరోజులు, సీమంతాలు, పదో తరగతి పాతమిత్రుల కలయికలు. ఇంటర్ పరీక్షల రోజుల్లో తల్లులు రారు, ఆ నెలలు ఖాళీగా వదిలేయండి. దసరా సెలవులు మంచివి. కార్తీకమాసంలో వనభోజనాలకు వెళ్లేవాళ్లు భోజనాల వేళయ్యేలోపు పిల్లలతో ఏం చేయించాలా అని చూస్తుంటారు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, ఫంక్షన్ హాలు వాళ్లు చిన్న గదిని బేరానికి ఇస్తారు. ఇలాంటివి ఏ వ్యాపార పుస్తకంలోనూ రాయరు, పంచాంగం చూసుకోవాలి.

డబ్బు లెక్క. యాభై వేలూ పెట్టకండి. నేను కొనే ధరల్లో పన్నెండుమందికి సామాను ఇలా అవుతుంది: కాన్వాస్ బోర్డులు రెండు డజన్లు 2,160, ఒక్కొక్కరికి మూడేసి సింథటిక్ బ్రష్షులు 2,160, ఆరు రంగుల పెద్ద సీసాలు 2,700, ఆప్రాన్లు 1,440, బోర్డును ఆనించడానికి బల్లమీద నిలబెట్టే చిన్న ఈజెళ్లు 3,000, డ్రయర్, స్ప్రే సీసాలు, ప్లేట్లు, టేపు 1,500. మొత్తం 12,960. ఈజెళ్లు లేకుండా బల్లమీద పరచి కూడా వేయించవచ్చు, అప్పుడు పది వేలలోపే. క్యామెల్, ఫెవిక్రిల్ వాళ్ల సాధారణ రకం రంగులు చాలు, ఖరీదైన విదేశీ రంగులకు ఇక్కడ పని లేదు. తెలుపు మాత్రం మిగతా వాటికి రెట్టింపు కొనండి. వన్‌టౌన్‌లో టోకున అడిగితే ఇంకా తగ్గవచ్చు.

ఒక్కో సమావేశానికి నా లెక్కలో మనిషికి 230 ఖర్చు: బోర్డు 90, రంగులు 50, బ్రష్షుల అరుగుదల 30, ప్లేటు, టిష్యూలకు 20, టీ, బిస్కెట్లకు 40. ఇవిగాక ఎంతమంది వచ్చినా తప్పనివి గది అద్దె 1,500, ఆటోలకు, చిల్లరకు 500. మీరు 800 తీసుకుంటే మనిషికి 570 మిగులుతుంది. అంటే నలుగురు వస్తే చేతిడబ్బు పోదు. ఎనిమిదిమంది వస్తే 2,560 మిగులుతుంది, పన్నెండుమందైతే 4,840. బాగానే ఉందనిపిస్తుంది గానీ, రెండు గంటల సమావేశం వెనక సర్దడం, మోయడం, కడగడం, ఫోన్లు కలిపి ఇంకో ఆరు గంటలు ఉంటాయి. వాటిని కూడా లెక్కేసుకోండి. నెలకు నాలుగు సమావేశాలతో ఇల్లు గడవదు. నేను ఉద్యోగం మానింది మూడో ఏట, ఆఫీసులు, బడులు పిలవడం మొదలయ్యాక. మీకు ఇప్పుడు ఉద్యోగం లేదు కాబట్టి ఆ తొందర లేదు, అది మీకు కలిసివచ్చిన విషయం.

డబ్బు ముందే తీసుకోండి. కనీసం సగం, పేరు రాసుకున్న రోజే. "వస్తాంలే" అన్న పదకొండుమందిలో ముగ్గురే వచ్చిన ఆదివారం నాకుంది. మిగతా ఎనిమిదిమందికి కొన్న మిర్చిబజ్జీలు రెండురోజులు తిన్నాం. అన్నట్టు బజ్జీలు కూడా అదే ఆఖరు. నూనె చేతులతో కాన్వాసు పట్టుకుంటే అక్కడ రంగు అంటదు.

కాగితాల పని అనుకున్నంత లేదు. ఏడాదికి 20 లక్షల రాబడి దాటేదాకా ఇలాంటి సేవలకు జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. చిన్న వ్యాపారాలకు ఉండే ఉద్యం నమోదు ప్రభుత్వ వెబ్‌సైట్లో ఆధార్‌తో ఉచితంగా అవుతుంది, దానికి డబ్బులడిగే మధ్యవర్తులను నమ్మకండి.

మీరు అడగలేదు గానీ చెప్పాల్సింది ఒకటుంది, ఏ బొమ్మ నేర్పాలన్నది. మొదటి నెలలోనే ఎవరో ఒకరు బాపు బొమ్మ కావాలంటారు. ఇంకొకరు చిత్రకారుడు తోట వైకుంఠం గారి పెద్దబొట్టు ఆడవాళ్లను అడుగుతారు. డబ్బు తీసుకుని వాటిని వేయించకండి. మన చట్టంలో చిత్రకారుడి హక్కు ఆయన జీవితకాలమూ, ఆ తర్వాత మరో 60 ఏళ్లూ ఉంటుంది. బాపు గారు పోయింది 2014లో. డచ్ చిత్రకారుడు వాన్ గో 1890లోనే పోయాడు కాబట్టి 1889లో ఆయన వేసిన చుక్కల రాత్రిని నిశ్చింతగా వేయించవచ్చు. సుడులు తిరిగే ఆ గీతలు కొత్తవాళ్లకు బాగా వస్తాయి కూడా. మనవాళ్లలో రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, ముప్పై నిండకముందే పోయారు. ఆయన పేరున అక్కడ చిత్రశాల ఉంది, ఒకసారి వెళ్లి రండి. ఆయన వేసిన మనుషుల బొమ్మలు కొత్తవాళ్లకు కష్టం గానీ, మీ కళ్లకు మంచిది. తెలంగాణలోని చేర్యాల బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు కళకే చెందుతుందన్న ప్రభుత్వ గుర్తింపు. ఆ పేరుతో కార్యక్రమం పెట్టాలనుకుంటే తరతరాలుగా వాటిని వేసే నకాషీ కుటుంబాల వాళ్లనే పిలిచి, నేర్పించినందుకు వాళ్లకు ఇవ్వండి. అన్నిటికన్నా మేలు మీ సొంత బొమ్మ. బ్యారేజీ ఎవరి సొత్తూ కాదు.

జరగబోయే ప్రమాదాలు కొన్ని ముందే చెబుతాను, జరిగినప్పుడు ఆశ్చర్యపోకుండా ఉంటారు. ఎవరో ఒకరు పట్టుచీరతో వస్తారు. పేరు నమోదు చేసుకునేటప్పుడే పాత బట్టలతో రమ్మని చెప్పండి, పైట నడుముకు దోపుకోమనండి. రంగు పడితే తడిగా ఉండగానే నీళ్లతో కడిగించండి, ఆరితే ఇక చీరతోనే ఉంటుంది. బ్రష్షులు కడిగిన నీళ్లు సింకులో పోయవద్దు. ఒక కేఫ్‌లో నేను అలా పోసి, గొట్టం పూడుకుపోయి, ఆ యజమాని ముందు తలవంచుకు నిలబడ్డాను. ఇప్పుడు మూతపెట్టిన బకెట్టు ఒకటి వెంట తీసుకువెళతాను, అడుగున పేరుకున్న రంగును ఆరబెట్టి చెత్తలో వేస్తాను. ఎవరో ఒకరు కాఫీ కప్పులో బ్రష్షు ముంచుతారు. అది ప్రతిసారీ జరుగుతుంది. రెండో కప్పు సిద్ధంగా ఉంచండి. పన్నెండుమంది దాటితే ఒక్కరే చూడలేరు, సాయానికి ఎవరినైనా పెట్టుకోండి. చుట్టాలు "ఇంటివాళ్లమే కదా" అంటారు. మొదటి సమావేశానికి వాళ్లను ఉచితంగా పిలిచి, రెండోదానికి ధర చెప్పండి. మొదటిరోజు మొహమాటపడితే ఏడాదంతా పడాలి.

గొంతు వణుకుతుందని రాశారు. నాకు ఇప్పటికీ మొదటి ఐదు నిమిషాలు వణుకుతుంది. అందుకే మొదటి మాటలు కంఠస్థం చేసి పెట్టుకున్నాను, టేపు అంటించమని చెప్పే దాకా. టేపు అంటించేటప్పుడు అందరూ కిందికి చూస్తారు, అక్కడ సర్దుకుంటాను.

ఇక మీ అత్తగారు. నేను పైన చెప్పిన మూడోసారి గుర్తుందా, ఎప్పుడూ బ్రష్షు పట్టని మనిషిని కూర్చోబెట్టి చెప్పమన్నది? వచ్చే ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడనే కూర్చోబెట్టండి. "నాకు సరిగ్గా చెప్పడం వస్తోందో లేదో చూడండత్తయ్యా" అనండి. అది అబద్ధం కూడా కాదు. ఫ్యాను ఆపండి, టేపు అంటించండి, గులాబీ పెద్దమనిషిని మరవకండి. ఆవిడ ఎక్కడ ఆగిపోతారో, ఏమని విసుక్కుంటారో కాగితం మీద రాసుకోండి, మీ మొదటి సమావేశానికి అదే పాఠం. అయ్యాక ఆ బొమ్మను హాల్లో టీవీ పక్కన పెట్టి, దాని ఫోటోను మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. కింద తేదీ, సమయం, నాలుగు ఖాళీలు ఉన్నాయని రాయండి. ఎనిమిది అని రాయవద్దు.

ఆ ఫోటో నాకు కూడా పంపండి. ఆవిడ వేసిన బొమ్మ కావాలి, మీరు వేసినది వద్దు. గేట్లు ఎన్ని వేశారో చూడాలని ఉంది.